చెరువుకు మరువ, డిస్కుకు డయోడు



అనంతపురం సీమలో బోరుబావి ఉన్న రైతు ఇంట పుట్టిన పిల్లలకు వోల్టేజి సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కరెంటు వచ్చింది గదా అని వాళ్ళ నాన్న గబగబా పోయి మోటారు వేసెయ్యడు. స్టార్టరు డబ్బా మీద ఉండే ముల్లు వంక ముందుగా చూస్తాడు. ముల్లు ఉండవలసిన చోట ఉంటేనే మీట నొక్కుతాడు. ఏమంటే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ మెరక నేల మీద చీనీ తోటకు బోరు నీరే దిక్కు. మోటారు కాలితే తోట ఎండుతుంది.

వోల్టేజి తగ్గితే మోటారు ఎందుకు కాలాలి? తగ్గితే మెల్లగా తిరగవచ్చు గదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే! కాని మోటారు పైకి ఎత్తవలసిన నీళ్ళ బరువు తగ్గదు. తగ్గిన వోల్టేజితోనే ఆ పని చెయ్యటానికి మోటారు మరింత కరెంటు లాగుతుంది. దానితో తీగచుట్లు వేడెక్కి, వాటి మీది పూత మాడిపోతుంది. తక్కువైతే పెద్ద మోటారుకు ఇలా ప్రమాదం. ఎక్కువైతే చిన్న యంత్రాలకు ఇంకా పెద్ద ప్రమాదం. అది ఎలాటిదో, దానినుంచి తప్పించుకునే ఉపాయం ఏమిటో ఈ నెల చెప్పుకుందాం.

ఇంటి గోడలోకి వచ్చే కరెంటు 230 వోల్టులది. కంప్యూటరు, రేడియో, ఫోను వంటివి అంత వోల్టేజికి తట్టుకోలేవు. అందుచేత మధ్యలో అడాప్టరు అనే నల్లని డబ్బా ఒకటి ఉంటుంది. అది 230 వోల్టులను 5 గానో, 12 గానో, 19 గానో తగ్గించి ఇస్తుంది. ఏ యంత్రానికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ అడాప్టర్లన్నీ ఒకే తల్లి పిల్లల్లాగా ఉంటాయి. రంగు ఒకటే. చివర ఉండే గుండ్రని పిన్ను కూడా చాలా వాటికి ఒకే కొలతలో ఉంటుంది. 19 వోల్టుల పిన్ను 12 వోల్టుల రంధ్రంలో చక్కగా పట్టేస్తుంది. పిన్నుకు నోరు లేదు గదా, "నేను నీకు సరిపోను" అని చెప్పటానికి!

ఒక ఇల్లు ఉందనుకోండి. పెళ్ళి ఫోటోలూ, పిల్లల మొదటి అడుగులూ, ఇప్పుడు లేని అవ్వ పాడిన పాటా, అన్నీ ఒక హార్డ్ డిస్కులో దాచారు. ఆ డిస్కు పెట్టెకు కావలసింది 12 వోల్టులు. ఒకనాడు తొందరలో ఎవరో ల్యాప్‌టాప్ అడాప్టరు తెచ్చి దానికి తగిలించారు. అది 19 వోల్టులది. "టిక్" మని చిన్న శబ్దం, కాస్త కాలిన వాసన. ఆ తరవాత ఏమీ లేదు. సరైన అడాప్టరు పెట్టినా దీపం వెలగదు, డిస్కు తిరగదు. ఇంటివారి గుండె ఆగినంత పని అవుతుంది. అవ్వ పాట ఇక లేనట్టేనా?

తొందరపడకండి. ముందు ఆ డిస్కు లోపల ఏముందో చూద్దాం.

మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రం 1956లో అమెరికాలో ఐబీఎం కంపెనీ వారు తయారుచేశారు. మన ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరమే అది. అందులో రెండేసి అడుగుల వెడల్పున్న పళ్ళేలు 50 ఉండేవి. యంత్రం బరువు ఒక టన్నుకు మించినది. ఇంతా చేసి అది దాచుకోగలిగింది సుమారు 50 లక్షల అక్షరాలు. ఈనాడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకే అంత చోటు పట్టవచ్చు!

ఇప్పటి డిస్కు అరచేతిలో ఇముడుతుంది. కాని పద్ధతి అదే. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. వాటి మీద పలుచని అయస్కాంతపు పూత ఉంటుంది. ఆ పూతలో లెక్కకు అందనన్ని సూక్ష్మమైన చుక్కలు, కొన్ని ఇటు, కొన్ని అటు తిరిగిన అయస్కాంతాలుగా ఉంటాయి. అవే మన ఫోటోలు, పాటలు. పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే దాని అంచు గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందన్న మాట. దానిని చదివే ముల్లు పళ్ళేన్ని తాకదు. మన తల వెంట్రుక మందంలో కొన్ని వేలవంతు ఎత్తులో గాలి మీద తేలుతూ పోతుంది.

ఇదంతా మూతవేసిన గదిలో జరుగుతుంది. ఆ గది అడుగున, బయటివైపు ఒక ఆకుపచ్చని పలక బిగించి ఉంటుంది. దీనినే సర్క్యూట్ బోర్డు అంటారు. పళ్ళెం తిప్పే మోటారుకు కరెంటు ఇవ్వటం, ముల్లును నడపటం, చదివిన దానిని కంప్యూటరుకు చేరవెయ్యటం దాని పనులు. తప్పు వోల్టేజి దెబ్బ ముందుగా తగిలేది ఈ బోర్డుకు. పళ్ళెం మీది అయస్కాంతపు రాతకు సాధారణంగా ఏమీ కాదు. ద్వారపాలకుడు మూర్ఛపోయాడు గాని, కోశాగారంలో సొమ్ము భద్రంగానే ఉన్నదన్న మాట!

ఇంకో విశేషం. ఆ బోర్డును తయారుచేసినవారు ఇటువంటి పొరపాటు జరుగుతుందని ముందే ఊహించారు. ఊహించి ఏంచేశారో తెలియాలంటే మనం ఒకసారి చెరువుగట్టు మీదికి పోవాలి.

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉన్నది. అక్కడ విజయనగర రాజుల కాలంనాటి పెద్ద చెరువు ఉన్నది. ఏ చెరువుకైనా కట్టతో పాటు ఒక మరువ ఉండాలి. కోస్తావారు దీనినే అలుగు అంటారు. నీరు ఒక మట్టం దాటగానే మరువ మీదుగా పొర్లి బయటికి పోతుంది. అందువల్ల కట్ట నిలుస్తుంది. మరువ చాలకపోతే కట్ట తెగుతుంది, ఊరు మునుగుతుంది.

ఆ ఊరి చెరువును గురించి ఒక కథ చెబుతారు. ఒకసారి విపరీతంగా వాన కురిసి కట్ట తెగే స్థితికి వచ్చిందట. ఊరివారు ఎంత ప్రయత్నించినా గండి నిలవలేదు. అప్పుడు బసిరెడ్డి అనే రైతు కోడలు ముసలమ్మ ఊరి కోసం తానే వెళ్ళి గండికి అడ్డంగా నిలబడి ప్రాణం ఇచ్చిందట. ముసలమ్మ అన్నది పేరు మాత్రమే, ఆమె పడుచుది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథనే "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రాశారు. అది జనం చెప్పుకునే కథ. మనిషి ప్రాణంతో గండి పూడదని మనకు తెలుసు. కాని నలుగురి కోసం ఒకరు ముందుకు రావటమనే మాట విన్నప్పుడల్లా మనసు కరుగుతుంది.

డిస్కు బోర్డు మీద కరెంటు వచ్చే చోటనే మినపగింజంత నల్లని ముక్కలు సాధారణంగా రెండు ఉంటాయి. 5 వోల్టుల దారికి ఒకటి, 12 వోల్టుల దారికి ఒకటి. వీటిని టీవీఎస్ డయోడులు అంటారు. వోల్టేజి సరిగా ఉన్నంతసేపు ఇవి ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటాయి. 12 వోల్టుల దారిలో వోల్టేజి సుమారు 14 దాటిందో లేదో, డయోడు తన తలుపు తెరిచి కరెంటును పక్కదారిన నేలతీగలోకి పొర్లిస్తుంది. చూశారా, ఇదే మరువ! కరెంటును తప్పు దిక్కున ఎక్కించినా ఇది ఇలాగే దారి మళ్ళిస్తుంది.

పొంగు క్షణకాలమే అయితే డయోడు మళ్ళీ మామూలుగా తలుపు మూసుకుంటుంది. కాని 19 వోల్టుల అడాప్టరు ఆగకుండా తోస్తూనే ఉంటుంది. డయోడు కాగి, లోపల కరిగి, ఆ తలుపు తెరిచినది తెరిచినట్టుగానే అతుక్కుపోతుంది. ఇక ఏ అడాప్టరు పెట్టినా కరెంటంతా అటే పోతుంది. బోర్డుకు చుక్క కూడా అందదు. కంగారుపడి అడాప్టరు తనను తాను ఆపివేసుకుంటుంది. డిస్కు కదలకపోవటానికి కారణం ఇదే. తాను పోయి, వెనక ఉన్న విలువైన చిప్పులను డయోడు కాపాడింది!

తెలిసిన పనివాడు దీనిని ఎలా బాగుచేస్తాడో చూడండి. మొదట అన్ని తీగలూ ఊడదీస్తాడు. డిస్కును దాని ప్లాస్టిక్ పెట్టెలోనుంచి బయటికి తీస్తాడు. పెట్టెలో కూడా ఒక చిన్న బోర్డు ఉంటుంది. ఒక్కొక్కప్పుడు దెబ్బ దానితోనే ఆగిపోయి, డిస్కు క్షేమంగా ఉంటుంది. కొన్ని పెట్టెల బోర్డులు సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చి రాస్తాయి. అందుచేత కాలిపోయిందని ఆ బోర్డును పారెయ్యకూడదు.

తరవాత డిస్కు అడుగున ఉన్న నక్షత్రపు తల మరలు విప్పి, ఆకుపచ్చ బోర్డును తిప్పి చూస్తాడు. మల్టీమీటరు ముళ్ళు రెండూ డయోడు రెండు కొసలకు ఆనిస్తాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. మంచి డయోడు ఒక దిక్కున కరెంటును పోనిస్తుంది, రెండో దిక్కున పోనివ్వదు. రెండు దిక్కులా మీటరు సున్నాకు దగ్గరగా చూపి, కీచుమని కూస్తే ఆ డయోడు చచ్చిందన్న మాట. పక్కన ఫ్యూజు వంటి ముక్క ఏదైనా తెగిందేమో అది కూడా చూస్తాడు.

చచ్చిన డయోడును టంకం కరిగించి ఊడదీస్తాడు. ఊడదీసి వెంటనే కరెంటు పెట్టడు. మళ్ళీ మీటరుతో కొలుస్తాడు. అడ్డదారి ఇంకా ఉంటే దెబ్బ లోపలికి పోయిందని అర్థం. అడ్డదారి లేకపోతే, సరైన 12 వోల్టులు ఇచ్చి చెవి ఒగ్గుతాడు. "సుయ్" మని పళ్ళెం తిరిగే శబ్దం వినిపించిందా, ఆ ఇంట్లో పండుగే! అప్పుడు మొదట చెయ్యవలసిన పని ఒకటే: లోపల ఉన్నదంతా మరొక డిస్కులోకి ఎక్కించుకోవటం. ఏమంటే, ఇప్పుడా బోర్డు మరువ లేని చెరువు. మరొక్క పొరపాటు జరిగితే కాపాడేవారు లేరు. సమాచారం భద్రమైన తరవాత అదే కొలత గల కొత్త డయోడును, దాని మీది గీత ఏవైపు ఉండాలో చూసి, అతికిస్తాడు.

మోటారును నడిపే చిప్పు కూడా కాలిపోయి ఉంటే? అప్పుడు అదే రకం డిస్కు బోర్డు ఇంకొకటి సంపాదించాలి. కాని దానిని తెచ్చి ఊరికే బిగిస్తే సాధారణంగా పనిచెయ్యదు. ఒకే కార్ఖానాలో, ఒకే రోజున తయారైన రెండు డిస్కులు కూడా అచ్చంగా ఒకటి కావు. ప్రతి డిస్కు ముల్లు తీరూ, పళ్ళెం తీరూ కొలిచి, ఆ వివరాలు దాని బోర్డులోనే రాసి పెడతారు. చాలా బోర్డులలో ఇవి ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో ఉంటాయి. పాత బోర్డులోని ఆ చిప్పును ఊడదీసి కొత్త బోర్డుకు అతికించాలి. కొత్త గుమాస్తాకు పాత ఖాతా పుస్తకం అప్పగించినట్టు! అందువల్లనే కాలిన బోర్డును చెత్తలో వెయ్యరాదు.

ఇదంతా చదివి మీరు మరమేకు తిప్పేది పట్టుకుని కూర్చోకండి. ఇది పనితనం తెలిసిన పెద్దల పని. మీరు మూడు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. డిస్కు మూతను ఎన్నడూ తెరవకూడదు. ముల్లు తేలే ఎత్తుతో పోలిస్తే దుమ్ముకణం కొండంత. అడాప్టరు డబ్బాను అసలు విప్పకూడదు. అందులో 230 వోల్టులు ఉంటాయి. తీగ ఊడదీసిన తరవాత కూడా కొంతసేపు లోపల కరెంటు నిలవ ఉండవచ్చు. ఇక మూడోది: పోతే తిరిగి రానిదాన్ని ఒకేచోట దాచకూడదు. విత్తనపు కాయలన్నీ ఒకే గాదెలో పోస్తాడా రైతు?

ఈ నెల మీకు ఒక పని ఇస్తున్నాను. ఆదివారంనాడు అమ్మనో, నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ ఒకచోట చేర్చండి. గోడ నుంచి ఊడదీసినవే సుమా! ఒక్కొక్కదాని వెనక సన్నని అక్షరాలతో ఉన్న అంకెలు చదవండి. "ఇన్‌పుట్" అన్నచోట ఉండేది గోడ వోల్టేజి, దానితో మనకు పనిలేదు. "ఔట్‌పుట్" అన్నచోట ఎన్ని వోల్టులో చూడండి. పిన్ను లోపలి భాగం ప్లస్సా, మైనస్సా తెలిపే చిన్న బొమ్మ కూడా ఉంటుంది. ఆ తరవాత అది ఏ యంత్రానికి చెందినదో దాని మీద ఎన్ని వోల్టులు రాసి ఉన్నాయో చూసి, రెండూ సరిపోతే ఒక చీటీ మీద యంత్రం పేరు, వోల్టులు రాసి దారంతో తీగకు కట్టండి. ఒకే పిన్ను ఉండి వోల్టులు వేరైన జంట ఏదైనా దొరికితే, వాటిని వేరువేరు చోట్ల పెట్టండి.

బోరు దగ్గర నాన్న ముల్లు చూడనిదే మీట నొక్కడు గదా. చీటీ చదవనిదే మీరు కూడా పిన్ను పెట్టకండి. దారం ముక్కకూ చీటీకీ ఖర్చు ఏమీ కాదు. అవ్వ పాటను మాత్రం ఏ అంగట్లోనూ కొనలేము!