దుబాసీని దొంగ అనకండి

మొన్న బంధువుల ఇంట్లో వలీమా దావత్ జరిగింది. బిర్యానీ అయ్యాక మగవాళ్లం షామియానా కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పన్నెండేళ్ల మా చిన్నవాడు ఓ మూలన పాత పీఎస్పీ పట్టుకుని ఆడుకుంటున్నాడు. బంధువుల్లో బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి వాడి తెర మీదికి వంగి చూశాడు.

"ఇది సోనీ మిషను గదా, ఇందులోకి నింటెండో ఆట ఎట్లొచ్చింది? చోరీ మాలు! పిల్లోనికి ఇప్పట్నుంచే చోరీ నేర్పిస్తున్నావా మియా?" అన్నాడు.

నలుగురూ నవ్వారు. పిల్లవాడు నవ్వలేదు. మిషను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక అడిగాడు: "అబ్బా, నేను చోర్‌నా?"

ఆ సవాల్‌కు జవాబు రాయడం నాకు ఫర్జ్ అనిపించింది. మజహబీ ఫైసలా చెప్పే ఇల్మ్ నాకు లేదు, ఆ దావా కూడా లేదు. నేను మాట్లాడేది కానూన్ గురించి, ఇన్సాఫ్ గురించి, మన ఇళ్లలో పిల్లలకు మనం ఏ పనిని ఏ పేరుతో పిలవడం నేర్పుతున్నాం అన్న దాని గురించి.

ముందు అసలు కిస్సా చెప్తాను. ఆ ఆట మా భాయీజాన్‌ది. 2004లో కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు గేమ్ బాయ్ అడ్వాన్స్, దానితో ఒక కాట్రిడ్జ్ తెచ్చాడు. తన తన్‌ఖాలోంచి దీనార్లు లెక్కపెట్టి ఖరీదు చేసిన మాలు అది. డబ్బా, రసీదు ఇంకా మా బీరువాలో ఉన్నాయి. మిషను తెర చచ్చిపోయి చాలా ఏళ్లయింది. భాయీజాన్ కూడా ఇప్పుడు లేడు. కాట్రిడ్జ్ మాత్రం బతికి ఉంది. దాని లోపల ఒక బటన్ బ్యాటరీ, ఆ బ్యాటరీ కాపాడుతున్న జ్ఞాపకంలో భాయీజాన్ పేరుతో సగం ఆడిన ఆట. ఆ బ్యాటరీ అయిపోయిన రోజు ఆ పేరు కూడా పోతుంది. అందుకని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించే కాట్రిడ్జ్ రీడర్ తెప్పించి, ఆటనూ, సగం ఆడిన దాని సేవ్ ఫైలునూ నకలు తీశాను. పాత పీఎస్పీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని అందులో ఎక్కించాను. తన పెద్దబ్బా ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి నా కొడుకు మొదలుపెట్టాడు.

ఇందులో చోరీ ఎక్కడుందో ఆ పెద్దమనిషి నాకు చూపించాలి.

ఆయన గలతీ ఏమిటంటే, ఎమ్యులేటర్ అంటే దొంగ మాలు ఉన్న సంచీ అనుకున్నాడు. ఎమ్యులేటర్ ఒక దుబాసీ. గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001లో వచ్చింది. దాని ప్రాసెసర్ పేరు ఏఆర్‌ఎం7టీడీఎంఐ, వేగం 16.78 మెగాహెర్ట్జ్. పీఎస్పీ 2004 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. దాని ప్రాసెసర్ మిప్స్ ఖాందాన్‌ది, వేగం 333 మెగాహెర్ట్జ్ వరకు. ఒకటి మాట్లాడే జుబాన్ రెండోదానికి ఒక్క ముక్క అర్థం కాదు. ఆట "కుడికి గెంతు" అని ఏఆర్‌ఎం జుబాన్‌లో హుకుం ఇస్తే, దాన్ని మిప్స్ జుబాన్‌లోకి అప్పటికప్పుడు తర్జుమా చేసి వినిపించేవాడు మధ్యలో కావాలి. ఆ పని చేసేదే ఎమ్యులేటర్.

వేగం ఇరవై రెట్లు ఉంది కదా, ఇదేం కష్టం అనుకోవద్దు. ఒక్కో హుకుంను విని, అర్థం చేసుకుని, చేసి చూపించే తరీఖాలో ఆ ఇరవై రెట్ల వేగమూ హారతి కర్పూరం అయిపోతుంది. అందుకే ఎక్సోఫేజ్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామర్ పీఎస్పీ కోసం రాసిన జీపీఎస్పీ అనే ఎమ్యులేటర్ వేరే దారి పట్టింది. హుకుంల గుంపును ఒక్కసారే తర్జుమా చేసి దాచుకుని, మళ్లీ అదే గుంపు వస్తే దాచుకున్న తర్జుమానే వాడుకుంటుంది. ఇంకో తక్లీఫ్ కూడా ఉంది. పెద్ద ఆటలు 32 మెగాబైట్ల వరకు ఉంటాయి. మొదటి పీఎస్పీలో మెమరీ మొత్తం కలిపి అంతే. అందుకని ఆటను కార్డు మీద నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవాలి. తెర సంగతి చూడండి. పాతది 240 చుక్కల వెడల్పు, 160 ఎత్తు. కొత్తది 480 వెడల్పు, 272 ఎత్తు. సరిగ్గా రెట్టింపు చేద్దామంటే ఎత్తు 320 కావాలి, 48 వరసలు తక్కువ పడతాయి. కాబట్టి 408 వెడల్పుకు సాగదీసి కాస్త మసకగా చూడాలి, లేదా చుట్టూ నల్ల హాషియాతో చిన్నగా చూడాలి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో ఎంత దిమాగ్, ఎంత మెహనత్ ఉందో మన పిల్లలకు తెలియాలి. ఆ ఎమ్యులేటర్ లోపల నింటెండో వాళ్ల ఆట ఒక్కటి కూడా లేదు. దుబాసీ నోట్లో తన సొంత కథ ఏదీ ఉండదు. అవతలివాడు చెప్పింది ఇవతలివాడికి చేరవేస్తాడు. దాన్ని రాసినవాడు తన కోడ్‌ను కూడా అందరికీ ముఫ్త్‌గా ఇచ్చాడు.

అసలు మిషను లోపల బయోస్ అని 16 కిలోబైట్ల చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది. అది మాత్రం కంపెనీ మిల్కియత్. దాన్ని నెట్‌లో ఎక్కడి నుంచో లాగడం తప్పే. దానికి బదులుగా, కంపెనీ కోడ్ ముట్టకుండా వేరేవాళ్లు రాసి ఉచితంగా ఇచ్చిన బయోస్ ఉంది. నేను వాడింది అదే.

ఇప్పుడు కానూన్ మాట. మన దేశపు కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 52వ సెక్షన్‌లో ఏది ఉల్లంఘన కాదో రాసి ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాం నకలు జాయిజ్‌గా చేతిలో ఉన్నవాడు, అది పోతుందేమో పాడవుతుందేమో అని బ్యాకప్ తీసుకోవచ్చని 52(1)(ఏఏ) చెప్తుంది. సొంతంగా, చట్టబద్ధంగా సంపాదించిన ప్రతి నుంచి, వ్యాపారం కోసం కాకుండా స్వంత వాడకానికి నకలు తీసుకోవచ్చని 52(1)(ఏడీ) చెప్తుంది. ఆటలో ప్రోగ్రాంతో పాటు బొమ్మలు, సంగీతం కూడా ఉంటాయి కదా, వాటి సంగతేమిటని అడిగే వకీలు సాబ్‌లు ఉంటారు. అడగనివ్వండి. అది బహస్ చేయదగిన నుక్తా. కానీ బహస్ చేయదగిన నుక్తాకూ, పన్నెండేళ్ల పిల్లవాడిని పదిమందిలో చోర్ అనడానికీ మధ్య ఎంత దూరముంది?

అమెరికాలో కూడా ఈ గొడవ అదాలత్ దాకా వెళ్లింది. సోనీ ప్లేస్టేషన్ ఆటలు కంప్యూటర్ మీద ఆడించే ప్రోగ్రాం చేసిన కనెక్టిక్స్ మీద సోనీ దావా వేసింది. ఆ మిషను పనితీరు తెలుసుకోవడానికి దాని బయోస్‌ను నకలు తీసి పరిశీలించడం న్యాయమైన వాడకమేనని 2000లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఫైసలా ఇచ్చింది. అలాంటిదే ఇంకో ప్రోగ్రాం చేసిన బ్లీమ్ అనే చిన్న కంపెనీ కోర్టులో సోనీని తట్టుకుని నిలబడింది. అయినా వకీళ్ల ఖర్చులు మోయలేక 2001లో తలుపులు మూసుకుంది. డబ్బున్నవాడు ఓడిపోయి కూడా ఎలా గెలుస్తాడో చూడండి.

"మరి 2024లో యుజు వాళ్లు జుర్మానా కట్టలేదా?" అంటారు. యుజు అనేది నింటెండో స్విచ్ ఆటలను కంప్యూటర్ మీద, ఫోను మీద ఆడించే ఎమ్యులేటర్. దాన్ని చేసినవాళ్లు 24 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని రాజీ పడ్డారు. వాళ్లదే ఇంకొకటి, త్రీడీఎస్ ఎమ్యులేటర్ సిట్రా, అది కూడా ఆ దెబ్బకే ఆగిపోయింది. అది రాజీనామా, జడ్జి విచారించి ఇచ్చిన ఫైసలా కాదు. అక్కడ నింటెండో వాదనకు పునాది ఆటల మీద వేసిన ఎన్‌క్రిప్షన్ తాళం పగలగొట్టడం. గేమ్ బాయ్ అడ్వాన్స్ కాట్రిడ్జ్‌కు అలాంటి తాళమే లేదు. ఒక కేసు దుమ్ము తెచ్చి ఇంకో ఇంటి మీద చల్లకూడదు.

ఇంకో తమాషా వినండి. ఎమ్యులేటర్ల వల్ల ఆటల తయారీదారుల హక్కులకు మహా ఖత్రా అని చాలా ఏళ్లు తన వెబ్‌సైట్‌లోనే రాసుకున్న నింటెండో, 2023 ఫిబ్రవరి నుంచి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటలను తన స్విచ్ మీద ఆడిస్తోంది. ఎలా? ఎమ్యులేటర్‌తోనే! ఒక చేతి మిషను ఆట ఇంకో చేతి మిషను మీద. మా పిల్లవాడు చేసిందీ అదే. తాము చేస్తే ఖిద్మత్, మనం చేస్తే చోరీనా? పైగా అక్కడ ఆట మన సొంతం కాదు, చందా కట్టినంత కాలమే. కట్టడం ఆపితే తలుపు మూసేస్తారు. అదే 2023 మార్చి 27న త్రీడీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు బంద్ చేశారు. అక్కడ మాత్రమే దొరికే ఆటలు ఆ రోజుతో బజారు నుంచి గాయబ్ అయ్యాయి. అదే ఏడాది అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం చేసి చెప్పిన మాట: ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మామూలు బజారులో దొరకవు. అమ్మరు, దాచనివ్వరు. మరి వాటిని ఎవరు బతికించాలి?

ఇంతవరకు చదివి "శభాష్, మన తరఫున మాట్లాడాడు" అని సెల్ దుకాణాల భాయీలు ఖుష్ కావద్దు. ఇప్పుడు మీ వంతు.

బజారులో "పదివేల ఆటలు" అని మెమరీ కార్డులు నింపి అమ్ముతున్నారే, అది చోరీయే. అందులో ఒక్క ఆట కూడా మీ కొన్న సొత్తు కాదు. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని చేసిన బొమ్మలు, బాణీలు, కథలు మీరు బఠానీల్లా పొట్లం కట్టి అమ్ముకుంటున్నారు. చైనా నుంచి కార్డు నింపి వచ్చే చవక మిషన్ల సంగతీ అంతే. మన చిన్నప్పటి టీవీ గేములు గుర్తున్నాయా? క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది. లోపల చూస్తే ఓ పదీ పదిహేను ఆటలే పేర్లు మార్చుకుని తిరిగేవి. ఆనాడు మనకు తెలియదు. ఈనాడు తెలిసి కొంటే బహానా ఏముంది? వ్యాపారానికి నకళ్లు తీసేవాడికి మన చట్టం 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఖైదు రాసింది.

దుబాసీలనే దోచుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ తన స్టోర్‌లో పాత ఆటల ఎమ్యులేటర్లకు ఇజాజత్ ఇచ్చింది. వెంటనే ఐజీబీఏ అనే యాప్ ప్రత్యక్షమైంది. చూస్తే, రైలీ టెస్టట్ అనే డెవలపర్ అంతకు చాలా ముందే చేసి ముఫ్త్‌గా పంచిన జీబీఏ4ఐఓఎస్‌కు నకలు, పైన ప్రకటనలు అతికించారు. ఆపిల్ దాన్ని తీసేసింది. కొద్ది రోజులకే టెస్టట్ సొంత యాప్ డెల్టా వచ్చింది. అంటే తర్జుమా చేసినవాడు ఒకడు, వాడి మెహనత్ మీద పైసలు ఏరుకోబోయినవాడు ఇంకొకడు. చోర్ అనే మాట ఎవరికి నప్పుతుందో చెప్పండి.

ఇక ఇళ్లలో అమ్మీలకు, అబ్బాలకు నా అర్జీ. పిల్లవాడి చేతిలో మిషను చూసి కేకలు వేయకండి, మూడు సవాళ్లు అడగండి. ఈ ఆట ఎక్కడిది? దీనికి పైసలు ఎవరికి అందాయి? చేసినవాళ్లు ఇవాళ దీన్ని అమ్ముతున్నారా? సొంత కాట్రిడ్జ్ నుంచి తీసిందైతే దిల్‌ఖుష్‌గా ఆడనివ్వండి. చేసినవాళ్లు అమ్ముతున్న ఆట అయితే, ఒక నెల కూల్ డ్రింకుల పైసలు ఆపి కొనిపెట్టండి. కార్డు నింపి అమ్మేవాడి నుంచైతే వద్దనండి, ఎందుకు వద్దో చెప్పండి. ఎంతసేపు ఆడాలన్నది వేరే హిసాబ్. దాన్ని చోరీ పద్దులో రాయకండి. పిల్లవాడి చదువు పాడవుతుందని మీకు భయముంటే ఆ భయమే చెప్పండి, దానికి "దొంగ" అనే మాటను అరువు తెచ్చుకోకండి. ఆ మాట ఒకసారి మీద పడితే, పిల్లలు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. సిగ్గుతో ముడుచుకుపోతారు, లేదా "ఎట్లాగూ చోర్‌నే కదా" అని నిజంగానే కార్డు కొనుక్కుంటారు.

ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. ఆయన ఫోనులో రింగ్‌టోన్‌గా మోగే సినిమా పాటకు రసీదు చూపించమని అడగాలని మాత్రం ఉంది.

నా కొడుకుకు ఆ రాత్రే బీరువా తెరిచి చూపించాను. డబ్బా, కువైట్ దుకాణం రసీదు, తెర చచ్చిన మిషను, కాట్రిడ్జ్. "ఇది మీ పెద్దబ్బా పసీనా. దీన్ని కాపాడుతున్నావు నువ్వు. చోర్‌వి కాదు బేటా, అమానత్‌దారువి" అన్నాను. వాడు జేబులోంచి పీఎస్పీ తీసి మళ్లీ వెలిగించాడు. తెర మీద భాయీజాన్ పేరు వచ్చింది.