వాతావరణ డేటా ఉచితమే.. బెలూన్ ఖర్చు ఎవరిది?

ఫోన్‌లో కనిపించే వాన కబురు ఊరికే రాదు. రాడార్లు, ఉపగ్రహాలు, బెలూన్లు.. వీటిలో ఎక్కువ భాగం ప్రజల పన్నుల డబ్బే.

అమెరికా వాతావరణ సంస్థ నోవా దగ్గర ఈ డేటా గుట్టలుగా పేరుకుపోయింది. అడిగిన వాళ్లందరికీ సొంత సర్వర్ల నుంచి పంపడం తలకు మించిన పనైంది. దీంతో 2015లో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. డేటాను అవి తమ క్లౌడ్‌లో ఉంచుతాయి, జనం ఉచితంగా వాడుకోవచ్చు. 1991 నుంచి ఉన్న రాడార్ రికార్డులు అలాగే బయటికొచ్చాయి. చాలాకాలం రుసుము తీసుకున్న యూరప్ వాతావరణ కేంద్రం కూడా 2025 అక్టోబర్ 1న తన తాజా అంచనాల డేటా మొత్తాన్ని అందరికీ తెరిచింది.

విద్యార్థులకు, చిన్న దేశాలకు ఇది మేలే, కాదనలేం. కానీ టెక్ కంపెనీలకు దక్కింది తక్కువేం కాదు. గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్ ఏఐ ఆ యూరప్ కేంద్రం దశాబ్దాల రికార్డుల మీదే తయారైంది.

చిక్కంతా కొలతల దగ్గరే ఉంది. 2025 ఫిబ్రవరిలో అలాస్కాలోని కోట్జెబూలో సిబ్బంది చాలక బెలూన్లు ఎగరేయడం ఆపేశారు. ఎంత తెలివైన ఏఐ అయినా ఆ రోజు గాలి, తేమ ఎంతో ఎవరో ఒకరు కొలిచి ఇస్తేనే రేపటి మాట చెప్పగలదు.

ముఖ్యమైన డేటాను దేశాలు ఉచితంగా పంచుకోవాలని ప్రపంచ వాతావరణ సంస్థ 2021లో తీర్మానించింది. పేద దేశాల స్టేషన్ల కోసం ఒక నిధి కూడా ఏర్పడింది. అయితే ఆ డేటాతో వ్యాపారం చేసే కంపెనీలు కొలతల ఖర్చులో ఇంత కట్టాలని ఆ తీర్మానం ఎక్కడా చెప్పలేదు.