గర్భసంచి తీసేయడమే వైద్యమా?

తెలుగు రాష్ట్రాల్లో తల్లుల ఆరోగ్యం మీద చర్చ సిజేరియన్ల దగ్గర మొదలై సిజేరియన్ల దగ్గరే ఆగిపోతుంది. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు కోతలేనన్న మాట ప్రతి సదస్సులోనూ వినిపిస్తుంది, ఆరోగ్య మంత్రిగా ఎవరున్నా వాళ్ల నోటా వస్తుంది. ఆ ఆందోళన సబబే. కానీ ఆ అరవై లెక్క వచ్చిన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. దాన్ని ఎవరూ ఎత్తరు. 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో వందకు తొమ్మిది మంది. తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే.

ఈ తొమ్మిది ఎంత పెద్ద లెక్కో తెలియాలంటే ఆ వందమందీ ఎవరో చూడాలి. అందులో పదో తరగతి చదివే పిల్ల ఉంది, ఇంకా పెళ్లి కాని ఇరవై ఏళ్ల అమ్మాయి ఉంది. వాళ్లకు ఈ ఆపరేషన్ దాదాపుగా జరగదు. వాళ్లను పక్కనబెట్టి నలభై దాటినవారిని మాత్రమే లెక్కిస్తే ఆ వాటా ఎక్కడికో పోతుంది. మన ఊళ్లలో ఆ వయసు ఆడవాళ్లు పదిమంది కూర్చున్నచోట ‘నాకూ సంచి తీసేశారు’ అన్న మాట వినపడకపోతేనే ఆశ్చర్యం. ఆపరేషన్ అయినవారిలో సగం మందికి 35 ఏళ్లు దాటకముందే అయిపోతోందని దేశవ్యాప్త లెక్కలు చెబుతున్నాయి.

ఈ ప్రశ్న సర్వేలో మొదటిసారి అడిగింది 2015–16లో. మళ్లీ 2019–21లో అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటిసారీ తొమ్మిది, రెండోసారీ తొమ్మిది. ఈ మధ్యకాలంలోనే మాతృ మరణాలు తగ్గించామని రెండు ప్రభుత్వాలూ గర్వంగా చెప్పుకున్నాయి. నిజంగానే తగ్గించాయి: 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశ సగటు 97 మరణాలైతే ఆంధ్రలో 45, తెలంగాణలో 43. కాన్పు గదిలో తల్లిని చావు నుంచి కాపాడటం ఇంత బాగా చేతనైన వ్యవస్థకు, ఆ తల్లికి ముప్ఫై ఐదేళ్లు వచ్చేసరికి గర్భసంచి తీసేయడం తప్ప వేరే దారి ఎందుకు కనపడటం లేదు?

నా దృష్టిలో కారణం మన పరిశోధన, మన పాలన రెండూ గీసుకున్న ఒక గీత. అది నలభై రెండో రోజు. మాతృ మరణం నిర్వచనం అక్కడిదాకే. కాన్పు ఫలితాల మీద మన వైద్య కళాశాలల్లో జరిగే అధ్యయనాల్లో ఎక్కువ భాగం తల్లి డిశ్చార్జి అయ్యేదాకానో, మహా అయితే ఆరో వారం దాకానో. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లే రోజులు చూడండి: మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. ఆ ఆరు సార్లూ బిడ్డ బరువు తూస్తారు, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూస్తారు, పాలు పడుతున్నాయా అని అడుగుతారు. చాలా మంచి పని అది, బిడ్డల్ని బతికించిన పని. అయితే ‘దగ్గినప్పుడు మూత్రం పడుతోందా? కింద బరువుగా, ఏదో జారినట్టుగా ఉందా? కుట్ల దగ్గర నొప్పి తగ్గిందా?’ అని తల్లిని అడిగే గడి ఏ రిజిస్టరులోనూ కనపడదు. నలభై రెండో రోజు తర్వాత ఆమె ఆరోగ్య శాఖకు మళ్లీ గుర్తొచ్చేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ టైముకే.

2023 డిసెంబరులో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల భాగస్వామ్యంతో, కాన్పు తర్వాత నెలలు, ఏళ్ల తరబడి సాగే బాధల మీద వరుస వ్యాసాలు వేసింది. ఏటా కనీసం 4 కోట్ల మంది స్త్రీలు వీటి బారిన పడుతున్నారని తేల్చింది. మూడోవంతుకు పైగా తల్లులకు దాంపత్యంలో నొప్పి, దాదాపు మూడోవంతు మందికి నడుము నొప్పి, ఐదుగురిలో ఒకరికి మలం లేదా గ్యాస్ ఆపుకోలేని బాధ. మూత్రం ఆపుకోలేనివారు అధ్యయనాన్ని బట్టి 8 నుంచి 31 శాతం దాకా ఉన్నారు. ఇవి చంపే జబ్బులు కావు, అందుకే మన లెక్కల్లోకి రావు. నాట్లు వేసే మనిషికి జారిన గర్భసంచి అంటే ఏమిటో ఒక్క క్షణం ఊహించండి. బురదలో నడుం వంచి రెండు మునుంలు వెళ్లేసరికి కింద ఒత్తిడి మొదలవుతుంది. గట్టు మీద కాసేపు కూర్చుంటే లోపలికి సర్దుకుంటుంది. కూర్చుంటే మేస్త్రి మాట పడాలి. అందుకని పాతచీర గుడ్డ మడిచి గట్టిగా కట్టుకుని మళ్లీ దిగుతుంది. పదేళ్లు ఇలా గడిపిన మనిషికి ‘సంచి తీసేస్తే పీడా పోతుంది’ అని ఎవరన్నా చెబితే, కాదనగలదా?

చెప్పేవాళ్లు ఉన్నారు. తెల్లబట్ట అనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళ్తే ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు మాత్రలిచ్చి టౌనుకు పంపుతాడు. అక్కడ స్కానింగ్. ‘సంచి ఉబ్బింది, పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని ఒక మాట. ఆ మాట విన్న కుటుంబం పుస్తెలతాడు తాకట్టు పెట్టయినా ఆపరేషన్ చేయిస్తుంది. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగినవే. ఇక కారణాల సంగతి. సర్వేలో సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. క్యాన్సర్ పేరు చెప్పినవారు బహు కొద్దిమంది.

అధిక రక్తస్రావానికి ఆపరేషన్ లేని వైద్యం ఉందా? ఉంది, అదీ పరీక్షకు నిలిచిన వైద్యం. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ నుంచి లెవోనార్జెస్ట్రెల్ అనే మందు కొద్దికొద్దిగా విడుదలై లోపలి పొరను పలచబరుస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బ్రిటన్‌లో 571 మంది స్త్రీల మీద జరిగిన ఎక్లిప్స్ అధ్యయనం 2013లో వెలువడింది. రెండేళ్ల పాటు చూస్తే మాత్రల కంటే ఈ లూప్ ఆ స్త్రీల రోజువారీ జీవితాన్ని ఎక్కువగా మెరుగుపరిచింది. పదేళ్ల తర్వాత వాళ్లను మళ్లీ పలకరించినప్పుడు, బదులిచ్చినవారిలో సుమారు పదింట ఏడుగురికి ఏ ఆపరేషనూ అవసరం పడలేదు. మాత్రలతో మొదలుపెట్టినవారి పరిస్థితీ అంతే. జారిన గర్భసంచికీ మొదటి మందు కత్తి కాదు. 447 మంది మీద జరిగిన పాపీ అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పిన కటి కండరాల వ్యాయామంతో ఏడాదిలో ఆ బాధలు తగ్గాయని నిరూపించింది. ఇందుకు ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. ఓపికగా నేర్పే మనిషి, ఒక మంచం, చాటుకు ఒక తెర చాలు.

మరి ఆ లూప్ మన దగ్గర వాడకంలో ఎందుకు లేదు? దీనికి జవాబు కూడా ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఏ రకం లూప్ అయినా వేయించుకున్నవారు వందకు ఒక్కరు కూడా లేరు. దశాబ్దాలుగా ట్యూబెక్టమీ ఒక్కటే మార్గంగా నడిపించాం. లూప్ వేయడం నర్సుల చేతికి అలవాటు తప్పింది, వేయించుకోవచ్చన్న ఆలోచన స్త్రీలకు లేకుండా పోయింది. పైగా పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకు రెండో కాన్పు, ఇరవై మూడుకు ఆపరేషన్ అయితే, ముప్ఫై రెండేళ్లకు ‘ఇంకా సంచితో పనేముంది?’ అన్న ప్రశ్న అత్తగారికీ డాక్టరుకూ ఒకేలా తోస్తుంది. కుటుంబ నియంత్రణలో మనం దేశానికి ఆదర్శమని విన్న ప్రతిసారీ ఈ తొమ్మిది కూడా ఆ విజయం పక్కనే రాసి పెట్టాలనిపిస్తుంది.

గర్భసంచితో పని ఉంది. స్వీడన్‌లో 1973 నుంచి 2003 దాకా గర్భసంచి తీయించుకున్న లక్షా 65 వేల మందికి పైగా స్త్రీలను, తీయించుకోని దాదాపు 4 లక్షల 80 వేల మందితో పోల్చి చూశారు. తీయించుకున్నవారికి తర్వాతి కాలంలో మూత్రం ఆపుకోలేని జబ్బుకు సర్జరీ అవసరమైన ముప్పు 2.4 రెట్లు. ఒక కటి సమస్యకు చేసిన ఆపరేషన్ ఇంకో కటి సమస్యను తెచ్చిపెడుతోందన్నమాట. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మరీ ఘోరం. నలభై ఐదేళ్లకు ముందే రెండు అండాశయాలూ పోయినవారికి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు, మతిమరుపు ముప్పు పెరుగుతాయని అమెరికాలోని మాయో క్లినిక్ దీర్ఘకాలిక అధ్యయనాలు చూపాయి. మన ఊళ్లలో ఆపరేషనయిన స్త్రీని అడిగితే, అండాశయాలు ఉంచారో తీశారో ఆమెకు తెలియదు. చాలా చోట్ల డిశ్చార్జి కాగితం మీదా స్పష్టంగా ఉండదు.

‘వాళ్లే కావాలని అడుగుతున్నారు’ అనే డాక్టర్లున్నారు. అది అబద్ధం కాదు. నెలనెలా రక్తస్రావంతో కూలి పోగొట్టుకునే స్త్రీ, మైల పేరుతో ఇంట్లో మాట పడే స్త్రీ అడుగుతుంది. కానీ లూప్ గురించి, వ్యాయామం గురించి, మాత్రల గురించి చెప్పిన తర్వాత అడిగిందా, చెప్పకముందే అడిగిందా? ఒక్క దారే చూపించి, ఆ దారి ఎంచుకుందని ఆమె మీదకు నెట్టడం అన్యాయం. ఇక ‘దక్షిణాదిలో వైద్యం అందుబాటులో ఉంది కాబట్టే అంకె ఎక్కువ’ అనే వాదన. వైద్యం కేరళలో లేదా? తమిళనాడులో లేదా? ఆ రెండు రాష్ట్రాలూ ఈ లెక్కలో మన దరిదాపుల్లో లేవు.

అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన డాక్టర్ నరేంద్ర గుప్తా పిటిషన్ 2013 నాటిది. అందులో ప్రస్తావించిన రాష్ట్రాలు బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్. చెరకు కూలీల గర్భసంచుల మీద 2019లో దేశమంతా గగ్గోలు పుట్టింది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా గురించి. మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం ఈ రెండు చర్చల్లోనూ లేదు. 2023 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు చెబుతూ, కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ మూడు నెలల గడువు ఎప్పుడో దాటింది. జిల్లాల వారీగా ఎన్ని ఆపరేషన్లు, ఏ వయసువారికి, ఏ కారణంతో జరిగాయో రెండు రాష్ట్రాల ప్రజల ముందు పెట్టాల్సిన బాధ్యత ఆరోగ్య శాఖలది.

తెలంగాణ ప్రభుత్వం 2022లో సర్కారు దవాఖానాల సిబ్బందికి నార్మల్ డెలివరీకి మూడు వేల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. నార్మల్ ఎలా అయిందన్నది ఎవరు చూస్తారు? పొట్ట మీద మోచేత్తో నొక్కి బిడ్డను బయటికి తోసినా అది నార్మలే. లోపల కండరం చిరిగిందో లేదో చూడకుండా పైపైన కుట్లు వేసి పంపినా నార్మలే. సిజేరియన్ అయినవారితో పోలిస్తే, మామూలు కాన్పు అయినవారికి, అందులోనూ పట్టుకారుతో బిడ్డను లాగిన కాన్పులకు, గర్భసంచి జారే ముప్పు ఎక్కువని మంచి అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మాట చెప్పి కోతలు పెంచమని నేను అనను. తెలంగాణలో అవి ఇప్పటికే మితిమీరాయి. మామూలు కాన్పును ప్రోత్సహించే ప్రభుత్వానికి ఆ కాన్పు తర్వాత తల్లి కటి కండరాల బాధ్యత కూడా ఉందంటున్నాను. డబ్బిచ్చి కాన్పు చేయించి, చిరుగు పట్టించుకోకుండా వదిలేసి, పదేళ్లకు ఆరోగ్య బీమాతో గర్భసంచి తీయించడాన్ని మాతృ సంక్షేమం అనడానికి ఏ ప్రభుత్వానికీ నోరు రాకూడదు.

వైద్య కళాశాలలకు కూడా ఒక మాట. కాన్పు ఫలితాల మీద పీజీ విద్యార్థులతో ఏటా ఎన్నో థీసిస్‌లు రాయిస్తున్నారు. అవే ఆరు వారాలు, అవే బిడ్డ బరువులు. దేశంలోనే ఎక్కువగా గర్భసంచులు తీసే రాష్ట్రాల్లో ఉంటూ, తీయించుకున్న స్త్రీలను పదేళ్లు వెంటపడి చూసే పెద్ద అధ్యయనం ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ జరగాలి? స్వీడన్ అంకెలు, బ్రిటన్ అంకెలు చూపించి వాదించాల్సిన గతి మనకెందుకు పట్టింది? నలభై ఏళ్లలోపు స్త్రీకి జరిగిన ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కూ బయాప్సీ ఫలితాన్ని, ఆపరేషన్‌కు ముందు రాసిన కారణాన్ని పక్కపక్కన పెట్టి జిల్లా వైద్యాధికారి చూడాలి. రెండూ కలవని ఆసుపత్రికి బీమా చెల్లింపు ఆపాలి. హార్మోన్ లూప్ ఏరియా ఆసుపత్రి దాకా ఉచితంగా రావాలి. ఆశా కార్యకర్త రిజిస్టరులో తల్లి గురించిన ఆ మూడు ప్రశ్నలూ చేరాలి, నలభై రెండో రోజున ఆగకుండా ఆరో నెలలో, ఏడాదికి ఒకసారి మళ్లీ అడగాలి. వచ్చే సర్వేలో ఈ తొమ్మిది మళ్లీ తొమ్మిదిగానే కనపడితే, ఆరోగ్య మంత్రులు సిజేరియన్ల మీద ప్రసంగించే ముందు దీనికి సంజాయిషీ ఇవ్వాలి.