మగా ఆడా తప్ప మరేమీ అడగరు

కడుపు ఆకారం చూసి, నడక చూసి పుట్టేదెవరో చెప్పేసే పెద్దమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల జోస్యం సగంసార్లు నిజమవుతుంది. బొమ్మాబొరుసు వేసినా అంతే. దానివల్ల పెద్ద నష్టం లేదు.

నష్టం ఆసుపత్రిలో మొదలైంది. 1970లలో ఉమ్మనీటి పరీక్షను మన దేశంలో మొదలుపెట్టింది పిండంలో క్రోమోజోముల లోపాలు పట్టుకోవడానికి. మనవాళ్లు దాంతో ఆడపిండాలను ఏరేశారు. తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చి ఆ పనిని చవక చేసింది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945, 2001లో 927, 2011లో 918. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం తెచ్చాక కూడా ఇదీ సంగతి! చదువొస్తే పున్నామ నరకం భయం పోతుందనుకున్నాం. అది చదువుకుని స్కానింగ్ సెంటర్‌కి వెళ్లింది.

అదే యంత్రం చెప్పే అసలు మాట మాత్రం చెవికెక్కదు. పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం లోపు చేసే ఎన్‌టీ స్కాన్‌లో పిండం మెడ వెనక చర్మం కింద చేరిన నీటి మందం కొలుస్తారు. తల్లి వయసు, డబుల్ మార్కర్ రక్తపరీక్ష కూడా కలిపి డౌన్ సిండ్రోమ్ అవకాశం లెక్కగడతారు. నూటికి ఒకటి అని వస్తే, అలాంటి ఫలితం వచ్చిన వందమందిలో తొంభైతొమ్మిది మంది పిండాలకు ఆ సమస్య ఉండదు. ఆ కాగితం చూసి కొందరు గర్భం తీయించేద్దామంటారు, కొందరు ముడుపు కడతారు. చేయించాల్సింది మాయ నుంచో ఉమ్మనీటి నుంచో కణాలు తీసి చేసే నిర్ధారణ పరీక్ష.

లోపం ఉందని తేలితే నింద తల్లిమీదే. గ్రహణంనాడు బయటికొచ్చిందట! మేనరికం చేసుకున్నారట! మేనరికం వల్ల కొన్ని జన్యువ్యాధుల ముప్పు పెరిగే మాట నిజమే. కానీ వాటిలో చాలావాటిని ఈ స్కాన్ పట్టుకోలేదు, డౌన్ సిండ్రోమ్‌కి కారణం అది కాదు. ఎక్కువమందిలో, అండం తయారయ్యేటప్పుడు 21వ జంట విడిపోకపోవడం వల్ల ఒక క్రోమోజోమ్ అదనంగా వస్తుంది. తల్లి వయసుతోపాటు ఆ అవకాశం పెరుగుతుంది, ఆమె నడవడికతో కాదు. ఇక ఆడపిల్లలనే కంటోందని కోడలిని సాధించే అత్తగారికి ఒక్క మాట: వై క్రోమోజోమ్ మీ అబ్బాయి దగ్గరే ఉంది. ఈ సంగతి 1905లో నెట్టీ స్టీవెన్స్ పురుగుల్లో గమనించిన నాటినుంచీ తెలిసిందే.

కాబట్టి స్కానింగ్ గదిలో ఎన్‌టీ ఎంతుందో, నిర్ధారణ పరీక్ష అవసరమో కాదో అడగండి. లింగం చెప్పిన డాక్టరుకూ, చెప్పించుకున్న కుటుంబానికీ మూడేళ్ల దాకా జైలు. వేరేలా రుజువయ్యేదాకా, గర్భిణిని బలవంతపెట్టింది భర్తో బంధువులో అనే కోర్టు భావిస్తుంది.