కొండ వనరు కాదు

బడిలో బోర్డు మీద ‘సహజ వనరులు’ అని రాసి, కింద వరసగా నేల, నీరు, అడవి, ఖనిజాలు అని నింపుతాను. పాఠం అలాగే ఉంది మరి. ఇంట్లో మా అమ్మ కొండకి మొక్కకుండా వెదురు కొట్టదు. కొత్తల పండుగ కాకుండా మామిడికాయ తెంపనివ్వదు. ఆమెకి కొండ ఇంటి పెద్ద. వనరా, పెద్దా? మన గొడవంతా ఇక్కడే ఉంది.

కొండను సొత్తుగా లెక్కగట్టే చూపును చట్టం చేసింది తెల్లవాడు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు గుప్పిట్లో పెట్టింది. 1922లో రంప కొండలు తిరగబడడానికి ఆ కడుపుమంట కూడా ఒక కారణం. తెల్లవాడు పోయాడు. అతని 1927 అటవీ చట్టం ఇంకా పోలేదు.

రాజ్యాంగం మనకేమీ ఇవ్వలేదని అనను. ఐదవ షెడ్యూల్ ఉంది, దాని అండతో వచ్చిన 1/70 ఉంది. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, ప్రభుత్వమైనా సరే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకి ఇవ్వకూడదంది. కానీ ప్రభుత్వ సంస్థకి తలుపు తెరిచే ఉంచింది. అంటే ఎవరు తవ్వాలన్నదే ప్రశ్న. తవ్వవచ్చా అని కొండ తరఫున అడిగినవాళ్లు లేరు.

2013లో నియమగిరి విషయంలో కోర్టు గ్రామసభలను అడగమంది. 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వొద్దన్నాయి. అది మన గెలుపే. అయినా కోర్టు చూసింది డోంగ్రియా కోందుల ఆరాధన హక్కును. దేవుడు కొలువుంటేనే కొండకి రక్షణైతే, మా ఊరి వెనక గుట్ట సంగతేమిటి?

మరోలా రాయవచ్చని ఈక్వడార్ చూపించింది. అదీ స్పెయిన్ ఏలుబడిలో నలిగిన దేశమే. 2008 రాజ్యాంగంలో, అక్కడి మూలవాసులు భూమితల్లిని పిలిచే ‘పచమామ’ అన్న పేరునే రాసి, ప్రకృతికి హక్కులిచ్చారు. 2021లో లోస్ సెద్రోస్ అడవిలో గనుల అనుమతులను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ హక్కులతోనే ఆపింది. ఆ దేశంలో చమురు తవ్వకం ఆగలేదు, నిజమే. కాగితం ఒక్కటే కాపాడదు. కానీ కాగితంలో లేనిదాన్ని కోర్టులో ఏమని అడుగుతాం?

ఇక్కడ ఉన్నదీ ఊడదీస్తున్నారు. కేంద్రం అటవీ అనుమతి ఇచ్చేముందు గ్రామసభ సమ్మతి చూడాలన్న బాధ్యతను 2022 నిబంధనలు రాష్ట్రాల మీదకి నెట్టాయి. అనుమతి ముందు, అడగడం తరవాత! పెళ్లయ్యాక పిల్లని ఇష్టమేనా అని అడిగినట్టుంది.

మనకి కావలసినవి రెండు. కొండకి, వాగుకి తమదైన హక్కు రాజ్యాంగంలో ఉండాలి. వాటి తరఫున మాట్లాడే నోరు గ్రామసభది కావాలి. అభివృద్ధికి అడ్డమంటారా? గుట్టను తవ్వి పట్టుకుపోతే ఊట ఎండిపోయేది మా ఊళ్లో. వెలుగు మాత్రం ఇంకెక్కడో.

ఈసారి గ్రామసభలో తీర్మానం పుస్తకం తెరిచినప్పుడు ‘వనరు’ అని రాయనివ్వకండి. మన భాషలో ఆ కొండకున్న పేరు రాయించండి. ఆ తరవాతే వేలిముద్ర వేయండి.