రైతుకు ‘వద్దు’ అనే హక్కు

నాగార్జునసాగర్ కుడి కాలువ మొదలయ్యే విజయపురి సౌత్ నుండి పల్నాడు ఆయకట్టు చివరి భూముల వరకు మన విద్యార్థులు ఏ గ్రామానికి సర్వేకు వెళ్ళినా, ప్రశ్నావళిలో మొదట నింపేది రైతు పేరు, ఫోను నంబరు, పొలం సర్వే నంబరు. ఈ వివరాలు ఇవ్వడానికి రైతు నిరాకరించవచ్చునని, ఇచ్చిన తరువాత కూడా తొలగించమని కోరవచ్చునని చెప్పే వాక్యం ఆ ప్రశ్నావళిలో ఉండాలి.

ఈ వాక్యం కౌలు రైతుకు అత్యవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూ యజమాని అంగీకారం కావాలి. అది దొరకక నోటిమాట కౌలుతో సాగు చేసే రైతు పేరు, సర్వే నంబరు ఒకే వరుసలో నమోదై బయటపడితే, మరుసటి ఏడాది ఆ పొలం అతనికి దక్కకపోవచ్చు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును పొందుపరచింది. అయితే అదే చట్టంలోని 17వ సెక్షను, నిర్దేశిత ప్రమాణాలను పాటిస్తూ, ఆ వ్యక్తిపై ప్రత్యేక నిర్ణయమేదీ తీసుకోని పక్షంలో పరిశోధనకు మినహాయింపునిచ్చింది. ఐరోపా సమాఖ్య నియమావళి 21వ అధికరణం మాత్రం, ప్రజాప్రయోజన కార్యానికి తప్పనిసరైన సందర్భంలో తప్ప, శాస్త్రీయ పరిశోధనకు సైతం అభ్యంతరం తెలిపే హక్కునిస్తున్నది.

మన మినహాయింపు విశాలమైనదేమీ కాదు. సర్వే జాబితా నుండే ప్రదర్శన క్షేత్రాలకో, రాయితీ విత్తనాలకో రైతులను ఎంపిక చేస్తే, అది వ్యక్తిపై తీసుకున్న నిర్ణయమే. అప్పుడు పరిశోధన పేరిట మినహాయింపు కోరడం చెల్లదు.

నిరాకరణలు పెరిగితే నమూనా లోపభూయిష్టమవుతుందన్న వాదన ఉన్నది. అది కొంత నిజమే. కాని నిరాకరించినవారి సంఖ్యను వ్యాసంలో నమోదు చేయవచ్చు. భయపడి చెప్పిన తప్పు సమాధానాన్ని ఏ గణాంక పద్ధతీ పూర్తిగా సరిదిద్దలేదు.

చేయవలసినవి కష్టమైనవి కావు. పేర్లను సమాధానాల నుండి వేరుచేసి సంకేత సంఖ్యలు వాడాలి. విశ్లేషణ మొదలయ్యేలోగా వివరాలు తొలగించమని కోరేందుకు గడువు, సంప్రదించవలసిన ఫోను నంబరు రైతుకు తెలుగులో రాసి ఇవ్వాలి. వద్దన్న రైతుకు సాంకేతిక సలహా ఆగదని స్పష్టంగా చెప్పాలి. సిద్ధాంత వ్యాసాల సలహా సంఘాలు ఈ మూడింటిని పరిశీలించిన తరువాతే ప్రశ్నావళిని ఆమోదించడం ఉచితం.