మాయీ సాహెబ్‌కు మనం ఏం జవాబు చెబుతాం?

మిత్రులారా, పోయిన వారం రమాబాయి గురించి రాస్తే కళ్లు తడిశాయని చాలామంది మెసేజ్ పెట్టారు. ఈ వారం సవితా అంబేద్కర్ గురించి రాస్తున్నాను. కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా చివరిదాకా చదవండి.

ఏప్రిల్ 14న మన వాడల్లో కట్టే ఫ్లెక్సీలు చూడండి. బాబాసాహెబ్ పక్కన రమాబాయి ఉంటుంది. ఉండాలి కూడా. అయిదుగురు బిడ్డల్ని కని నలుగుర్ని మట్టికి అప్పగించిన తల్లి ఆమె. 1935లో ఆమె పోయింది. 1948 నుంచి ఆయన చివరి రోజుదాకా పక్కనున్న మనిషి మాత్రం ఆ ఫ్లెక్సీల మీద ఎప్పుడోగానీ కనబడదు.

క్లాసులో ఆమె పేరెత్తితే చాలు, వెనక బెంచీ నుంచి ఒకటే ప్రశ్న. ‘విషం పెట్టిందంటారు, ఆమే కదా సార్?’ చదివి అడిగే మాట కాదది. మీటింగుల్లో విన్నది, వాట్సాప్‌లో చూసింది.

చదివితే తెలిసేది ఇది. ఆమె 1909లో సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. పేరు శారదా కబీర్. బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివి డాక్టర్ అయింది. రాజ్యాంగం పని నడుస్తున్న రోజుల్లో బాబాసాహెబ్‌ని షుగరు, కాళ్ల నొప్పులు, నిద్రలేమి పీక్కుతిన్నాయి. 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో ఇద్దరూ సివిల్ మ్యారేజ్ చేసుకున్నారు. ఆ తర్వాత ఆయన తిండి, మందులు, ఇన్సులిన్ అన్నీ ఆమే చూసుకుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయనతో పాటే చంద్రమణి భిక్షువు దగ్గర బౌద్ధ దీక్ష తీసుకుంది. డిసెంబర్ 6న ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు.

అప్పుడు మనవాళ్లు అనుమానపడ్డారు. తండ్రి పోయిన ఇంట్లో దుఃఖం అలాగే మాట్లాడుతుంది. విచారణ అడగడమూ తప్పు కాదు. విచారణ జరిగింది, సహజ మరణమేనని తేలింది. నింద మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి ఆమె ఉద్యమానికి దూరంగా ఢిల్లీలో బతికింది. 1970ల్లో దళిత్ పాంథర్ కుర్రాళ్లు దగ్గరికి తీశాక గానీ మళ్లీ మన సభల్లోకి రాలేదు. 1990లో బాబాసాహెబ్‌కి ఇచ్చిన భారతరత్నను అందుకున్నది ఆమె చేతులే. 2003లో ముంబయిలో పోయింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఒక ముందుమాట. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ కోసం బాబాసాహెబ్ 1956లో రాసుకున్నది. తాను ఎంత జబ్బుపడ్డాడో, ఆ పుస్తకం పూర్తయ్యేదాకా బతికి ఉన్నానంటే అందులో భార్య, డాక్టర్ మాల్వంకర్ల పాలు ఎంతో అందులో చెప్పాడు. 1957లో పుస్తకం అచ్చయినప్పుడు ఆ ముందుమాట లేదు. 1980లో భగవాన్ దాస్ బయటపెట్టేదాకా పాఠకులకు అందలేదు. ఆమె చెప్పేది నమ్మకపోతే పోనీ. ఆయన రాసిన కృతజ్ఞతకే చోటు లేకపోతే ఏమనాలి?

1936లో ‘కులనిర్మూలన’లో కులానికి అసలు మందు కులాంతర వివాహమే అన్నాడాయన. తన జీవితంలో అదే చేసి చూపించాడు. మనం ఆ పెళ్లి చేసుకున్న స్త్రీని పుట్టిన కులంతో తూచాం. మనతో పాటు దీక్ష తీసుకున్నా ఆమె బ్రాహ్మణ స్త్రీగానే మిగిలిపోవాలా? పుట్టుకతో మనిషిని కట్టేయడం ఎవరి ధర్మం? మనుధర్మం కాదా?

‘అంటే అగ్రకులం నుంచి వచ్చినవాళ్లని ప్రశ్నించొద్దా?’ అని అడుగుతారు. ప్రశ్నించాలి. చేసిన పనిని బట్టి, ఆధారాన్ని బట్టి. పుట్టుకనే ఆధారంగా చూపిస్తే అది ప్రశ్న కాదు, తీర్పు.

ఇంకో సంగతి. ఇద్దరు స్త్రీలనీ మనం అడిగింది ఒకటే: ఆయనకు ఎంత సేవ చేశావు? ఒకరిని దేవతను చేశాం, ఇంకొకరిని ముద్దాయిని చేశాం. ఇద్దరినీ మనుషులుగా చూడలేదు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోతే 1951లో మంత్రి పదవి వదిలేసిన నాయకుడి అనుచరులం మనం.

ఇది పాత కథ కాదు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపినప్పుడు, నచ్చినవాళ్లని పెళ్లాడటం హక్కు అని రోడ్డెక్కాం. ఆ హక్కుతోనే వేరే కులం నుంచి మన ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి ఉంటుంది. వంటింట్లో, మీటింగులో ఆమెను ఇంకా ‘వాళ్ల పిల్ల’ అంటున్నామా? ఎవరిళ్లల్లో వాళ్లు చూసుకోండి.

సవితా అంబేద్కర్ మరాఠీలో తన జ్ఞాపకాలు రాసింది. 2022లో ఇంగ్లీషులోనూ వచ్చాయి. చదవండి, విభేదించండి, వాదించండి. వచ్చే జయంతి సభలో ఎవరైనా విషం మాట ఎత్తితే లేచి ‘ఆధారం ఏది?’ అని అడగండి. అలా అడగడం మనకు నేర్పింది బాబాసాహెబే.

జై భీమ్.